బెనిన్: మన కాకినాడ బియ్యం వెళ్లే దేశం గురించి ఆసక్తికర విషయాలు

నంద్యాల మార్కెట్ యార్డులో గానీ, ఆళ్లగడ్డ రైస్ మిల్లుల దగ్గర గానీ "మన దేశం నుంచి బియ్యం ఎక్కువగా ఏ దేశం కొంటుంది?" అని అడిగితే చాలామంది సౌదీ అనో, దుబాయ్ అనో, అమెరికా అనో చెబుతారు. బాస్మతి అయితే ఆ మాట కొంత నిజమే. కానీ బాస్మతి కాని మామూలు బియ్యం సంగతి వేరు. ఈ మధ్య సంవత్సరాల్లో వాటిని మన దగ్గర కొనే దేశాల్లో ముందు వరుసలో ఉన్నది బెనిన్. పేరు కూడా సరిగ్గా వినని ఈ చిన్న దేశం పశ్చిమ ఆఫ్రికాలో ఉంది. మన రైతుకూ, మన రేషన్ కార్డుకూ, చివరికి రంజాన్ షీర్ ఖుర్మాలో వేసే జీడిపప్పుకూ దానితో సంబంధం ఉంది. ఆ దేశం గురించి తెలుసుకోవాల్సిన విషయాలు ఇవి.

దేశం ఎక్కడుంది, ఎంత ఉంది

బెనిన్‌కు తూర్పున నైజీరియా, పడమర టోగో, ఉత్తరాన బుర్కినా ఫాసో, నైజర్ ఉన్నాయి. దక్షిణాన సముద్రం. మ్యాప్‌లో చూస్తే నిలువుగా పొడవుగా, కింద సన్నగా కనిపిస్తుంది. విస్తీర్ణం సుమారు 1,14,700 చదరపు కిలోమీటర్లు. అంటే దాదాపు మన పక్క తెలంగాణ అంత. జనాభా 2013 లెక్కల్లో కోటి. ఇప్పుడు సుమారు కోటి నలభై లక్షలు.

రాజధాని విషయంలో చిన్న తిరకాసు ఉంది. కాగితం మీద రాజధాని పోర్టో నోవో. కానీ అధ్యక్షుడు, మంత్రిత్వ శాఖలు, రేవు, పెద్ద వ్యాపారం అన్నీ కోటోనూలోనే. క్విజ్‌లో అడిగితే పోర్టో నోవో అనాలి, బియ్యం ఓడ ఎక్కడికి పోతుందని అడిగితే కోటోనూ అనాలి.

అధికార భాష ఫ్రెంచ్. ఇళ్లల్లో, బజారులో మాత్రం ఫోన్, యోరుబా, బరిబా, డెండి లాంటి భాషలు మాట్లాడతారు. మన టైమ్ వాళ్లకంటే నాలుగున్నర గంటలు ముందు. నంద్యాలలో జొహర్ టైమ్‌కి మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయితే అక్కడ ఉదయం తొమ్మిది.

పేరు ఎలా మారింది

1960 ఆగస్టు 1న ఫ్రాన్స్ నుంచి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఈ దేశం పేరు దహోమీ. 1975లో మాథ్యూ కెరెకూ అనే సైనిక పాలకుడు పేరును బెనిన్‌గా మార్చాడు. దక్షిణాన ఉన్న సముద్ర భాగాన్ని బెనిన్ అఖాతం అంటారు, పేరు అక్కడి నుంచి వచ్చింది. ఏ ఒక్క తెగ పేరూ కాకుండా అందరికీ చెందే పేరు ఉండాలన్నది ఉద్దేశం.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. ప్రపంచ మ్యూజియాల్లో ఉన్న "బెనిన్ కంచు విగ్రహాలు" ఈ దేశానివి కావు. అవి పాత బెనిన్ రాజ్యానివి, ఆ రాజ్యం ఉన్న చోటు ఇప్పుడు నైజీరియాలో ఉంది.

ఇంకో విశేషం. 1990లో ఈ దేశంలో అన్ని వర్గాలనూ కూర్చోబెట్టి జాతీయ సదస్సు పెట్టారు. దాని తర్వాత 1991లో జరిగిన ఎన్నికలో కెరెకూ ఓడిపోయాడు. ఓడిన సైనిక పాలకుడు కుర్చీ దిగి ఇంటికి పోయాడు. ఆ రోజుల్లో ఆఫ్రికాలో అది చిన్న విషయం కాదు. తర్వాత 1996లో అదే మనిషి ఓట్లతో గెలిచి మళ్లీ వచ్చాడు, 2006 దాకా ఉన్నాడు.

ఆడ సైనికుల రాజ్యం

పాత దహోమీ రాజ్యం రాజధాని అబోమీ. అక్కడి రాజ భవనాలను 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ రాజ్యానికి ఆడవాళ్లతో ప్రత్యేక సైన్యం ఉండేది. వాళ్లను అగోజీ అంటారు, యూరప్ వాళ్లు అమెజాన్లు అన్నారు. 2022లో వచ్చిన హాలీవుడ్ సినిమా "ది ఉమన్ కింగ్" వీళ్ల గురించే. అదే ఏడాది కోటోనూలో 30 మీటర్ల ఎత్తున ఒక అమెజాన్ విగ్రహాన్ని ఆవిష్కరించారు.

రాజు బెహాన్‌జిన్ ఫ్రెంచ్ సైన్యంతో పోరాడి ఓడిపోయాడు. ఆయన్ని మార్టినిక్ ద్వీపానికి పంపేశారు. 1906లో అల్జీర్స్‌లో చనిపోయాడు. ఆ యుద్ధంలో ఫ్రెంచ్ సైన్యం ఎత్తుకుపోయిన వస్తువుల్లో 26ను ఫ్రాన్స్ 2021 నవంబర్‌లో తిరిగి ఇచ్చింది. రాజుల సింహాసనాలు, ప్యాలెస్ తలుపులు వాటిలో ఉన్నాయి. మన కోహినూర్ గురించి మాట్లాడుకునేవాళ్లకు ఇది గుర్తుపెట్టుకోదగ్గ ఉదాహరణ.

బానిసల రేవు, తిరిగొచ్చిన మసీదు

ఈ దేశ చరిత్రలో బాధాకరమైన భాగం ఊయిదా అనే రేవు పట్టణం. యుద్ధాల్లో పట్టుకున్న మనుషుల్ని దహోమీ రాజులు యూరప్ వ్యాపారులకు అమ్మేవాళ్లు. వాళ్లను ఓడల్లో బ్రెజిల్‌కు, కరీబియన్ దీవులకు తరలించేవాళ్లు. తప్పు ఒకరిదే అని చెప్పడానికి లేదు, కొన్నవాడూ ఉన్నాడు, అమ్మినవాడూ ఉన్నాడు. సముద్రం ఒడ్డున "తిరిగిరాని ద్వారం" అనే స్మారకం 1990లలో కట్టారు.

అయితే కొందరు తిరిగొచ్చారు. 1835 జనవరిలో, రంజాన్ నెలలో, బ్రెజిల్‌లోని బహియాలో ఆఫ్రికా ముస్లిం బానిసలు తిరుగుబాటు చేశారు. దాన్ని మాలే తిరుగుబాటు అంటారు. అది అణిచివేతకు గురైంది. ఆ తర్వాత కొందరిని బలవంతంగా పంపేస్తే, కొందరు స్వేచ్ఛ సంపాదించుకుని తామే పశ్చిమ ఆఫ్రికా తీరానికి వచ్చేశారు. ఇలా బ్రెజిల్ నుంచి వచ్చిన కుటుంబాలు పోర్టో నోవోలో స్థిరపడ్డాయి. వాళ్లలో మేస్త్రీలు, వడ్రంగులు, వ్యాపారులు ఉన్నారు.

20వ శతాబ్దం మొదట్లో వాళ్లు ఒక పెద్ద మసీదు కట్టారు. వాళ్ల చేతులకు తెలిసిన కట్టుబడి బ్రెజిల్ చర్చిలది. అందుకే పోర్టో నోవో పెద్ద మసీదు బయట నుంచి చూస్తే రంగురంగుల పాత బ్రెజిల్ చర్చిలాగే ఉంటుంది. లోపల మాత్రం ఖిబ్లా, సఫ్‌లు, నమాజు. బానిసత్వం చేసిన గాయం, దాని నుంచి బతికి వచ్చిన విశ్వాసం, రెండూ ఒకే గోడలో కనిపించే చోటు అది.

2024లో బెనిన్ ఇంకో అడుగు వేసింది. బానిసలుగా తరలించబడిన ఆఫ్రికన్ల వారసులు ప్రపంచంలో ఎక్కడున్నా తమ దేశ పౌరసత్వం తీసుకోవచ్చని చట్టం చేసింది.

మతాలు, పండగలు

2013 జనాభా లెక్కల ప్రకారం బెనిన్‌లో క్రైస్తవులు 48 శాతం పైన, ముస్లింలు 27 శాతం పైన, వోదూన్ అనే సంప్రదాయ మతాన్ని పాటించేవాళ్లు 11 శాతం పైన ఉన్నారు. ముస్లింలు ఉత్తరాన ఎక్కువ. పరాకూ, జూగూ లాంటి పట్టణాలు పాత వర్తక బిడారుల దారిలో పెరిగినవి. అంటే ఇక్కడికి ఇస్లాం ఎక్కువగా వ్యాపారుల వెంట వచ్చింది, కత్తి వెంట కాదు.

నిక్కీ అనే ఊళ్లో బరిబా తెగవాళ్లు గాని అనే పెద్ద పండగ చేస్తారు. అలంకరించిన గుర్రాల మీద రౌతులు రాజు ముందుకు వస్తారు. ఈ పండగ మీలాద్ కాలంలోనే వస్తుంది. జనవరి 10న వోదూన్ పండగకు దేశమంతా సెలవు. ఈద్‌కూ, క్రిస్మస్‌కూ కూడా సెలవే. ఒకే ఇంట్లో రెండు మూడు మతాల వాళ్లుండటం అక్కడ వింత కాదు.

తిండి: వాళ్ల "పాత్", మన సంగటి

మన రాయలసీమ వాళ్లకు బెనిన్ తిండి పెద్ద కొత్తగా ఉండదు. అక్కడ ప్రధాన ఆహారం మొక్కజొన్న పిండిని నీళ్లల్లో ఉడికించి కెలికి చేసే ముద్ద. దాన్ని ఫ్రెంచ్‌లో పాత్ అంటారు. కుడిచేత్తో తుంచి, చేప పులుసులోనో, బెండకాయ పులుసులోనో అద్దుకుని తింటారు. జొన్న సంగటి, రాగి సంగటి తిన్న చేతికి వేరే ట్రైనింగ్ అక్కర్లేదు. అదే ముద్దను టమాటా రసంతో ఎర్రగా చేస్తే అమివో.

బియ్యం, అలసందల్లాంటి గింజలు కలిపి ఉడికించేది అతాసి. పొద్దున్నే రోడ్డు పక్కన అమ్ముతారు. పశువులు కాచే ఫులానీ ఆడవాళ్లు పాలతో వగాసి అనే జున్నులాంటి పదార్థం చేసి, దాని మీద ఎర్ర రంగు పట్టించి అమ్ముతారు. పట్టణాల్లో మాత్రం అన్నం తినడం ఏటేటా పెరుగుతోంది. ఇక్కడే మనం సీన్‌లోకి వస్తాం.

బియ్యం లెక్క

కొన్నేళ్లలో బెనిన్ మన దేశం నుంచి పది లక్షల టన్నులకు పైగా బియ్యం కొన్నది. ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. పది లక్షల టన్నులంటే వంద కోట్ల కిలోలు. కోటి నలభై లక్షల జనాభాతో భాగిస్తే తలకు 71 కిలోలు. పైగా వాళ్లు సొంతంగా వరి పండిస్తారు, మొక్కజొన్న, కర్ర పెండలం, కంద కూడా తింటారు. మరి ఇంత బియ్యం ఎక్కడికి పోతోంది?

జవాబు పక్కనే ఉంది, నైజీరియా. అక్కడ 22 కోట్లకు పైగా జనం. తన రైతుల్ని కాపాడుకోవాలని నైజీరియా 2015లో బియ్యం దిగుమతికి బ్యాంకుల నుంచి డాలర్లు ఇవ్వడం ఆపింది. 2016లో రోడ్డు సరిహద్దుల గుండా బియ్యం రావడాన్ని నిషేధించింది. కానీ తినే నోళ్లు ఆగవు కదా. కోటోనూ రేవులో దిగిన బస్తాలు రాత్రికి రాత్రి బైకుల మీద, పడవల మీద సరిహద్దు దాటేవి. కామర్స్ పుస్తకంలో దీన్ని రీ-ఎక్స్‌పోర్ట్ అంటారు, కస్టమ్స్ వాళ్లు స్మగ్లింగ్ అంటారు.

2019 ఆగస్టులో నైజీరియా ఒక్కసారిగా సరిహద్దు మూసేసింది. 2020 డిసెంబర్ దాకా తెరవలేదు. బెనిన్ వ్యాపారం కుదేలైంది. టమాటా, పైనాపిల్ రైతులు సరుకు అమ్ముకోలేక నష్టపోయారు. ఒక దేశం గేటు వేస్తే పక్క దేశం రైతు ఎలా పడిపోతాడో దీంట్లో చూడొచ్చు.

కాకినాడ, నంద్యాల, మధ్యలో ఢిల్లీ

మన దేశంలో బియ్యం ఎగుమతికి పెద్ద రేవు కాకినాడ. పశ్చిమ ఆఫ్రికాకు వెళ్లే బియ్యం చాలావరకు అక్కడే ఓడెక్కుతుంది. 2021లో రద్దీ ఎంత పెరిగిందంటే, పక్కనే ఉన్న డీప్ వాటర్ పోర్టులో కూడా బియ్యం ఎక్కించుకోవడానికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది.

ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. కేసీ కెనాల్, తెలుగు గంగ ఆయకట్టులో పండే మన సన్నాలు బెనిన్ పోవు. నంద్యాల సోనాగా పేరున్న సన్న బియ్యం హైదరాబాద్, బెంగళూరు, చెన్నై పోతుంది, ఎన్‌ఆర్‌ఐల ఇళ్లకు పోతుంది. బెనిన్ కొనేది ఎక్కువగా ఉప్పుడు బియ్యం, దొడ్డు రకాలు, నూకలు. అయితే ధర విషయంలో రెండూ ఒకే తాడుకు కట్టినవే. దొడ్డు బియ్యానికి బయట గిరాకీ ఉంటే మిల్లర్ ధైర్యంగా కొంటాడు. అది ఆగితే యార్డులో అన్ని రకాల మీదా ఆ ప్రభావం పడుతుంది.

గత కొన్నేళ్ల వరుస చూడండి:

2022 సెప్టెంబర్: కేంద్రం నూకల ఎగుమతిని నిషేధించింది, తెల్ల బియ్యం మీద 20 శాతం సుంకం వేసింది.

2023 జులై 20: బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి మొత్తం బంద్. అమెరికాలో మన తెలుగువాళ్లు షాపుల ముందు సోనా మసూరి బస్తాల కోసం క్యూ కట్టింది అప్పుడే.

2023 ఆగస్టు: ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం.

2024 సెప్టెంబర్, అక్టోబర్: తెల్ల బియ్యం నిషేధం ఎత్తేశారు, తర్వాత సుంకాలు కూడా తీసేశారు.

2025 మార్చి: నూకల నిషేధం కూడా పోయింది.

ఢిల్లీ కారణం ఇక్కడ ధరలు పెరగకూడదని. పట్నంలో బియ్యం కొనుక్కునేవాడికి అది మేలే. కానీ రైతుకు మంచి రేటు దొరికే సమయంలోనే గేటు పడింది. అటు కోటోనూ బజారులో కూలి చేసుకుని బతికే తల్లికి కూడా బియ్యం ప్రియమైంది. ఇద్దరూ ఒకరికొకరు తెలియదు, దెబ్బ మాత్రం ఒకే రోజు పడింది.

రేషన్ బియ్యం సంగతి

ఇంకో చేదు నిజం ఉంది. 2024 నవంబర్ చివరలో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కాకినాడ రేవులో రేషన్ బియ్యం అక్రమ రవాణా మీద తనిఖీకి వెళ్లారు. పశ్చిమ ఆఫ్రికా వెళ్లాల్సిన స్టెల్లా ఎల్ అనే ఓడ పేరు అప్పుడే టీవీల్లో మోగిపోయింది.

ఇది కాకినాడ కథ మాత్రమే కాదు. వీధిలో బండి వేసుకుని వచ్చి కార్డుదారుల దగ్గర రేషన్ బియ్యం కిలో ఇంత అని కొనేవాళ్లను మన రాష్ట్రంలో చూడని ఊరు తక్కువ. ఆ బియ్యం కొంత పాలిష్ అయి మళ్లీ మన షాపుకే వస్తుంది, కొంత రేవుకు పోతుంది. ప్రభుత్వం పేదవాడి కోసం పెట్టిన సబ్సిడీ మధ్యవాడి జేబులోకి పోతుంది. కార్డుదారులు ఆలోచించాల్సింది ఒకటే: పది రోజుల తర్వాత అదే బియ్యం మూడు నాలుగు రెట్లు పెట్టి కొనుక్కుంటున్నాం.

జీడిపప్పు: వాళ్లు నేర్చుకున్న పాఠం

2024 దాకా బెనిన్ నుంచి మనకు వచ్చిన సరుకుల్లో ముఖ్యమైనది పచ్చి జీడిగింజ, అంటే తొక్కతో ఉన్నది. మన పలాస లాంటి చోట్ల జీడి పరిశ్రమకు దేశంలో పండే గింజ చాలదు. అందుకే పశ్చిమ ఆఫ్రికా నుంచి తెప్పించుకుని, ఇక్కడ కొట్టి పప్పు తీసి అమ్ముతారు.

అయితే గింజ అమ్మితే కొంచెం డబ్బు, పప్పు అమ్మితే ఎక్కువ డబ్బు. ఇది గుర్తించి బెనిన్ 2024 ఏప్రిల్ 1 నుంచి పచ్చి జీడిగింజ ఎగుమతిని నిషేధించింది. కోటోనూ దగ్గర గ్లో-జిగ్బే అనే ఇండస్ట్రియల్ ఏరియా పెట్టి, అక్కడే జీడి కొట్టడం, పత్తితో బట్టలు కుట్టడం మొదలుపెట్టింది. ఆఫ్రికాలో పత్తి ఎక్కువ పండించే దేశాల్లో బెనిన్ ఒకటి. పత్తి బేళ్లుగా కాకుండా టీషర్టుగా అమ్మాలన్నది వాళ్ల ప్లాన్.

పత్తి, వరి రెండూ పండే మన నంద్యాలకూ ఈ పాఠం పనికొస్తుంది. 1906లో మొదలైన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం మంచి పత్తి, వరి రకాలు ఇచ్చింది. పంట పండించడంలో మనకు లోటు లేదు. పండినదాన్ని సరుకుగా మార్చే దగ్గరే ఆగిపోతున్నాం. మామూలు రాయిని శిల్పంగా మార్చి విలువ తెచ్చే ఆళ్లగడ్డ శిల్పులు పక్కనే ఉన్నారు, వాళ్ల పనికి జీఐ గుర్తింపు కూడా ఉంది. ముడి సరుకుకు పనితనం తోడైతే రేటు ఎలా మారుతుందో వాళ్లను చూస్తే చాలు.

మరికొన్ని విశేషాలు

కవలలు: ప్రపంచ దేశాలతో పోలిస్తే కవలల కాన్పులు ఎక్కువగా ఉన్న దేశం బెనిన్. 2011లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం వెయ్యి కాన్పులకు దాదాపు 28 కవలల కాన్పులు.

నీళ్ల మీద ఊరు: నోకూయే సరస్సులో గాన్వియే అనే ఊరు మొత్తం గుంజల మీద నిలబడి ఉంది. బానిసల వేటగాళ్ల నుంచి తప్పించుకోవడానికి అప్పట్లో జనం నీళ్ల మధ్యకు వెళ్లారు. ఇప్పటికీ బజారు పడవల మీదే.

డబ్బు: కరెన్సీ సీఎఫ్‌ఏ ఫ్రాంక్. ఎనిమిది దేశాలకు ఇదే నోటు. యూరోకు 655.957 ఫ్రాంకులు అని రేటు కట్టేశారు.

బైక్ ట్యాక్సీ: జెమిజాన్ అంటారు. కోటోనూలో పసుపు చొక్కా వేసుకున్న డ్రైవర్లు కనిపిస్తారు. నైజీరియా నుంచి దొంగచాటుగా వచ్చిన పెట్రోల్‌ను రోడ్డు పక్క సీసాల్లో అమ్మడం కూడా అక్కడ మామూలే.

రైలు: కోటోనూ నుంచి పరాకూ దాకా 438 కిలోమీటర్ల మీటర్ గేజ్ లైన్ ఉంది. మన గుంటూరు–నంద్యాల లైన్ కూడా ఒకప్పుడు మీటర్ గేజే.

పాట: ప్రపంచ ప్రసిద్ధ గాయని ఆంజెలిక్ కిడ్జో ఊయిదాలో పుట్టారు. ఐదు గ్రామీ అవార్డులు అందుకున్నారు.

భద్రత: 2021 చివరి నుంచి ఉత్తర సరిహద్దుల్లో సాయుధ ముఠాల దాడులు జరుగుతున్నాయి. 2025 ఏప్రిల్‌లో ఒకే రోజు జరిగిన దాడుల్లో 54 మంది సైనికులు చనిపోయారు. మతం పేరు చెప్పుకునే ఈ ముఠాల వల్ల ఎక్కువగా నష్టపోతున్నది ఆ ప్రాంతంలోని పేద పల్లెలే, వాటిలో ముస్లింలే ఎక్కువ.

వ్యాపారం చేయాలనుకునే వాళ్లకు నాలుగు మాటలు

మన యువకులు కొందరు ఎక్స్‌పోర్ట్ అంటూ ఆన్‌లైన్‌లో పార్టీలు వెతుకుతున్నారు. మంచిదే. కానీ "బెనిన్ నుంచి పెద్ద ఆర్డర్, ముందు లైసెన్స్ ఫీజు కట్టండి" అని మెయిల్ వస్తే ఆగండి. "తక్కువ ధరకు జీడిగింజ, అడ్వాన్స్ పంపండి" అన్నా అంతే. ముందు డబ్బు అడిగే విదేశీ పార్టీని ఫోన్ మాటల మీద నమ్మకూడదు. పైన చెప్పినట్టు పచ్చి జీడిగింజ ఎగుమతే అక్కడ నిషేధం, అలాంటి ఆఫర్ ఇచ్చేవాడి మాటలో ఎంత నిజముందో మీరే లెక్క వేసుకోండి.

ఐఈసీ నంబర్ తీసుకోండి, బ్యాంకు ద్వారా లెటర్ ఆఫ్ క్రెడిట్ ఉంటేనే సరుకు కదలనివ్వండి. ఎగుమతి రూల్స్ ఏ రోజు మారతాయో చెప్పలేం కాబట్టి ఒప్పందం రాసుకునేటప్పుడు "ప్రభుత్వం నిషేధిస్తే సరుకు, డబ్బు ఎవరి బాధ్యత" అనే మాట కచ్చితంగా రాయించుకోండి. 2023 జులైలో చాలా సరుకు రేవుల్లో ఇరుక్కున్నప్పుడు వ్యాపారుల మధ్య గొడవంతా ఈ ఒక్క మాట దగ్గరే వచ్చింది.

రైతులకు చెప్పేది ఒకటే. ఈసారి ధాన్యం అమ్మే ముందు వర్షం, మిల్లు, యార్డు రేటుతో పాటు ఎగుమతి వార్త కూడా ఒకసారి చూసుకోండి. కోటోనూలో అన్నం గిన్నె ఎక్కితేనే కాకినాడలో ఓడ కదులుతుంది, ఓడ కదిలితేనే ఇక్కడ బస్తా రేటు నిలబడుతుంది.